కాటా కోసం తాగిన నీళ్ళు

మస్తానమ్మకూ అన్నానికీ పడకుండా పోయి ఏడాది దాటింది. అంతకు ముందు వాళ్ళిద్దరిదీ విడదీయరాని స్నేహం. వాకాడు దగ్గర సముద్రం ఒడ్డు పల్లెలో పుట్టి, రాత్రి మిగిలిన చేపల పులుసు పొద్దున చద్దన్నంలో కలుపుకుని తింటూ పెరిగిన మనిషి ఆమె. పదేళ్ళకే ఒళ్ళు చేసింది. బడికి పోతుంటే పిల్లకాయలు "పడవ వస్తా ఉండాది, జరగండ్రా" అని ఏడిపించేవాళ్ళు. వాళ్ళతో పాటు ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే ఇంకా ఏడిపిస్తారని ఆ వయసుకే తెలుసుకుంది పాపం.

పెళ్ళయ్యాక రొయ్యల షెడ్డులో పనికి కుదిరింది. చెరువుల నుంచి వచ్చిన సరుకును ట్రేలలో కాటా మీద పెట్టించి బరువు చదవడం ఆమె పని. అక్కడ మొదట నేర్చుకున్నది కాటా చదవడం కాదు, కాటాను మోసం చేసేవాళ్ళను కనిపెట్టడం. కొందరు రైతులు రొయ్యలకు బాగా నీళ్ళు పట్టించి తెస్తారు. కాటా మీద బరువు తూగుతాయి, చూడ్డానికి నిగనిగలాడుతుంటాయి. షెడ్డులో అందరికంటే పెద్దది ఆదిశేషమ్మ. చేరిన కొత్తలో మస్తానమ్మ అలాంటి సరుకొకటి తూచి దించుకుంటే ఆమె ఏమీ అనలేదు. మర్నాడు పిలిచి, ఐసు మీద పరిచిన ఆ ట్రేలు చూపించింది. అడుగున నీళ్ళు కారి నిలిచి ఉన్నాయి, రొయ్యలు వాడిపోయి ఉన్నాయి.

"పట్టించిన నీళ్ళు యాడికీ పోవమ్మే" అంది ఆదిశేషమ్మ. "పడుకోబెడితే బయటికొస్తాయి."

మస్తానమ్మ ఆ మాట మర్చిపోలేదు. ఆ తర్వాత ఆమె కాటా దగ్గర ఉండగా ఎవరి నీళ్ళూ చెల్లలేదు.

కానీ షెడ్డులో నిలబడే పనికి ఆమె మోకాళ్ళు లొంగిపోయాయి. షుగరు వచ్చింది. కడుపు పండలేదు. ఒళ్ళు తగ్గితే అన్నీ తగ్గుతాయని ఎవరో చెబితే, మొగుడు పెంచల్, తన నాన్న నాటి పడవలో తన వాటా అమ్మేసి చెన్నై తీసుకుపోయాడు. అక్కడ కడుపులో చాలా భాగం కోసి తీసేసి, మిగిలినదాన్ని అరటికాయంత గొట్టంలా కుట్టారు. అది జరిగి ఎనిమిదేళ్ళు. ఏడాది తిరిగేసరికి మస్తానమ్మ పాత జాకెట్లలో ఇద్దరు పట్టేవాళ్ళు. పల్లె పల్లెంతా వచ్చి చూసిపోయింది. అద్దం ముందు నిలబడి ఆమె తనలో తను సిగ్గుపడేది. ఆ రెండు మూడేళ్ళూ ఆమె జీవితంలో పండగే అనాలి.

పండగలు నిలవవు కదా. ఒళ్ళు మెల్లగా మళ్ళీ వచ్చింది. అది వస్తే వచ్చింది, దాంతో పాటు ఇంకోటి వచ్చింది. కుట్టిన గొట్టం నడిమధ్యలో బిగుసుకుపోయింది. తిన్నది కిందికి దిగదు, పైన సంచిలా ఉబ్బిన చోట నిలిచిపోయి, కాసేపటికి మంటతో నోట్లోకి తిరిగొస్తుంది. పడుకుంటే గొంతు నిండిపోయి ఉక్కిరిబిక్కిరవుతుంది. అందుకని గోడకు దిండు ఆనించుకుని కూచునే నిద్రపోతుంది. అంత మనిషి అన్నం తినలేక చస్తున్నానంటే నమ్మేవాళ్ళేరీ? "తినకుండానే ఇట్టా ఉండావా?" అని బంధువులు మూతి విరిచేవాళ్ళు. ఆకలి ఒక పక్క, ఒళ్ళు ఒక పక్క. రెండూ నిజమేనని ఎవరికి చెప్పుకుంటుంది?

నెల్లూరు డాక్టరు పరీక్షలన్నీ చేసి, ఆపరేషను మళ్ళీ చేయాలన్నాడు. పాత గొట్టాన్ని సరిచేసి పేగుకు వేరే దారి కలపాలి. ఆలస్యం చేస్తే కొన్నాళ్ళకు నీళ్ళు కూడా దిగవని చెప్పాడు.  పెంచల్ తడ దగ్గరి కంపెనీలో బస్సు డ్రైవరు. వాళ్ళకున్న ఒకే ఒక్క ఆధారం ఆ కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్సు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఈ కథలో పూజారి ఇన్సూరెన్సువాళ్ళు. ఒకసారి చేయించుకున్నదాన్ని మళ్ళీ ఎందుకు చేయించుకోవాలని మొదట అడిగారు. ఇది అందం కోసం కాదు, తిన్నది గొంతు దిగడం కోసమని డాక్టరు రాసిచ్చాడు. ఎందుకోసమైనా ఇది ఒళ్ళు తగ్గించే ఆపరేషన్ల కిందికే వస్తుందన్నారు. ఆ ఆపరేషన్లకు ఎత్తుకు ఇంత బరువుండాలని ఒక గీత ఉంది. గీత పైన ఉంటే ఇస్తారు, కింద ఉంటే ఇవ్వరు. అడిగిన రోజున మస్తానమ్మ గీత పైనే ఉంది. ఆ ప్రశ్నా ఈ ప్రశ్నా అంటూ నెలలు గడిపి చివరికి ఒప్పుకున్నారు, ఒక మెలికతో. ఆస్పత్రిలో చేరే రోజు తమ మనిషి వచ్చి, దగ్గరుండి బరువు చూస్తాడట.

ఈ నెలల్లో ఆమె తిన్నదేముంది? రోజురోజుకీ తగ్గుతూ వచ్చింది. డాక్టరేమో ఆపరేషనుకు ముందు తగ్గడం మంచిదేనన్నాడు, ఇన్సూరెన్సేమో తగ్గితే లేదంది. విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం. తిని పెరుగుదామంటే గొంతు దాటదు. పైగా నెలాఖరుకు పెంచల్ కంపెనీ ఇన్సూరెన్సు మార్చేస్తోంది. కొత్తదాంట్లో ఇలాంటి రెండో ఆపరేషను ఊసే లేదు. ఈసారి తప్పితే ఇక లేదన్న సంగతి మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ తెలుసు. ఒకరితో ఒకరు అనుకోలేదు, అంతే.

ఆస్పత్రిలో చేరడానికి ముందురోజు, షెడ్డు ఖాళీగా ఉన్నప్పుడు మస్తానమ్మ కాటా ఎక్కింది. గీతకు కిలోన్నర తక్కువ. దిగి, మళ్ళీ ఎక్కింది. కాటా అబద్ధం చెప్పదని ఆమెకంటే ఎవరికి బాగా తెలుసు? అక్కడే ట్రేల మీద కూలబడి చాలాసేపు ఏడ్చింది. ఏడుపు ఆగాక లేచి కళ్ళు తుడుచుకుని, ఏం చేయాలో నిర్ణయించుకుంది.

ఆ సాయంత్రం నర్సు ఫ్లోరా ఫోను చేసి, ఖాళీ కడుపుతో రావాలని, రాత్రి నుంచి ఏమీ తీసుకోవద్దని రెండుసార్లు చెప్పింది. మస్తానమ్మ సరేనంది. ఫోను పెట్టేసి, తాగింది ఒంట్లో నిలవాలని మజ్జిగలో ఉప్పు దండిగా వేసి కలపడం మొదలుపెట్టింది. పెంచల్ గుమ్మంలో నిలబడి చూశాడు.

"ఏమీ తీసుకోవద్దని చెప్పినారు కదా" అన్నాడు.

"తినొద్దని చెప్పినారు మామా. పోలేరమ్మ ఉపవాసానికి మజ్జిగ తాగమా? ఎప్పుడన్నా ఉపవాసం చెడిందా?"

 వాళ్ళ ఇళ్ళలో ఉపవాసమంటే అన్నం ముట్టకపోవడమే. మజ్జిగ, కొబ్బరినీళ్ళు, పల్చటి గంజి ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అయినా పెంచల్ మనసు కీడు శంకించింది. డాక్టరుకు ఒక మాట చెబుదామా అన్నాడు. చెబితే డాక్టరు ఇన్సూరెన్సువాళ్ళకు చెబుతాడని మస్తానమ్మ అంది. అతను బయటికి పోయి గట్టు మీద కూచున్నాడు. ఆ రోజు గాలి పూర్తిగా పడిపోయింది, సముద్రం చప్పుడు ఇంట్లోకి కూడా వినపడలేదు.

తెల్లవారి లేచిన దగ్గర్నుంచి ఉప్పు గంజి గుక్క గుక్కగా తాగింది. ఒక్కసారిగా తాగితే తిరిగొస్తుంది కాబట్టి, ఒక గుక్క మింగి, అది నిలిచేదాకా ఆగి, మళ్ళీ ఒక గుక్క. నెల్లూరు బస్సులో కూడా సీసా ఒళ్ళోనే పెట్టుకుంది. గూడూరు దాటేసరికి గొంతు దాకా మంట. చెమటలు పోశాయి. కిటికీ ఊచ పట్టుకుని, దవడలు బిగించి, ఆ మంటను మింగుతూ కూచుంది. పక్కనున్న పెంచల్ ఆమె వంక చూడలేక రోడ్డు వంక చూస్తున్నాడు. ఆస్పత్రి మెట్ల ముందు కూడా సీసా ఎత్తింది.

ఇన్సూరెన్సు మనిషి పేరు విజయభాస్కర్. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. చెడ్డవాడేమీ కాదు, వచ్చిన పని చేసుకుని పోయే రకం. నమస్కారం పెట్టినప్పుడు తప్ప ఆమె ముఖం చూడలేదు, చూపంతా బరువు మిషను మీదే. మస్తానమ్మ చెప్పులు విడిచి ఎక్కింది. ఊపిరి బిగబట్టింది. ఇన్నేళ్ళూ కాటా దగ్గర ఇవతలి వైపు నిలబడిన మనిషికి, కాటా మీద సరుకుగా నిలబడితే ఎలా ఉంటుందో ఆ క్షణాన తెలిసింది. అంకెలు ఊగి ఊగి నిలిచాయి. గీత మీద పావు కిలో ఎక్కువ.

"సరిపోయిందమ్మా" అని విజయభాస్కర్ ఫోనులో ఫోటో తీసుకున్నాడు. సాయంత్రం లోపల పూర్తి అనుమతి వస్తుందని, ఆపరేషను మొదలుపెట్టుకోవచ్చని చెప్పి, వరండాలో కుర్చీ లాక్కుని కూచున్నాడు.

మస్తానమ్మకు కాళ్ళలో బలం వచ్చింది. గెలిచానన్న సంతోషం. పెంచల్ వైపు చూసి నవ్వింది, అతను కూడా నవ్వడానికి ప్రయత్నించాడు.

అంతా తొందరగా జరిగింది. ముందు చేయాల్సిన ఆపరేషను ఏదో వాయిదా పడిందట, మధ్యాహ్నం అనుకున్నది ఇప్పుడే అన్నారు. ఫ్లోరా వచ్చి బట్టలు మార్పించి, చేతికి సూది ఎక్కించి లోపలికి తీసుకుపోయింది. లోపల చల్లగా ఉంది, ఐసు గదిలా. మత్తు డాక్టరు కుర్రవాడు. బల్ల మీద కూచోబెట్టి, చివరగా ఏం తీసుకున్నారని అడిగాడు. రాత్రి నుంచి ఏమీ తినలేదని, ముందే అనుకున్న జవాబు చెప్పింది.

"నీళ్ళు కూడా తాగలేదు కదమ్మా?" అన్నాడతను. "మత్తులో ఉన్నప్పుడు కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగితే మనిషి దక్కడం కష్టం. మీకు తాగింది కూడా తొందరగా కిందికి దిగదు. అందుకే మళ్ళీ అడుగుతున్నా."

 ఇది పోలేరమ్మ ఉపవాసం కాదని అప్పుడు తెలిసింది మస్తానమ్మకు. తలుపు అద్దంలోంచి చూస్తే వరండాలో విజయభాస్కర్ ఫోనులో ఏదో కొడుతున్నాడు. తాగానంటే ఆపరేషను ఆపేస్తారు. ఎందుకు తాగావంటారు. రేపు ఉపవాసంతో కాటా ఎక్కితే గీత కింద ఉంటుంది. నెలాఖరు వస్తుంది. తర్వాత ఒక రోజు నీళ్ళు కూడా దిగవు. పెంచల్ గ్లాసు పట్టుకుని పక్కన కూచుని ఉంటాడు, ఏమీ చేయలేడు.

"తాగలేదు సార్" అంది.

డాక్టరు తలూపాడు. ఫ్లోరా భుజాలు పట్టుకుని మెల్లగా వెనక్కి వాల్చింది. మస్తానమ్మ వెల్లకిలా పడుకుని ఏడాది దాటింది. బల్ల వీపుకు తగలగానే లోపల ఏదో కదిలింది. గొంతులోకి మంట ఎగదన్నింది. మింగింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ మింగింది. ఐసు మీద పరిచిన ట్రేలు, వాటి అడుగున నిలిచిన నీళ్ళు, ఆదిశేషమ్మ మాట, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

చెప్పేద్దామనుకుంది. ఇన్సూరెన్సు పోతే పోనీ, గీత పోతే పోనీ, ఇంటికి పోయి గోడకానుకుని కూచుంటే కొన్నాళ్ళన్నా పెంచల్ ముఖం చూడొచ్చు. నోరు తెరిచింది. అప్పటికే సూదిలోంచి మందు చల్లగా మోచేయి దాటి పోయింది. నాలుక బరువెక్కింది, మాట రాలేదు. చెయ్యెత్తి గొంతు వైపు చూపించింది.

ఫ్లోరా ఆ చేతిని అందుకుంది. కొత్త చోట అందరూ ఇలాగే బెదురుతారు, ఆమె రోజూ చూసేదే. "భయపడబాకమ్మా, నేనుండాను కదా" అని, ఆ చేతిని మెల్లగా కిందికి దించి పక్కన పెట్టింది.

మస్తానమ్మ నోట్లోకి పొద్దున తాగిన గంజి ఉప్పగా వచ్చింది.