చిన్నాయన మట్టిని వెతుక్కుంటూ గుండ్లకమ్మ మొగకు

మొన్నటి వానలకు రాచర్ల దగ్గర మా చిన్నాయన చేను గట్టు తెగింది. పైమట్టంతా వాగులోకి, అక్కణ్నుంచి గుండ్లకమ్మ ఏట్లోకి కొట్టుకుపోయింది. ఉన్నదే రెండెకరాలు, కంది విత్తే అదును చూస్తే దగ్గరపడింది. "మన మట్టి సముద్రంలో యాడ చేరిందో చూసొద్దాం పా పాపా" అన్నాడు. తీరా బయల్దేరేటప్పుడు చూస్తే చంకలో నాలుగు ఖాళీ యూరియా సంచులు! "ఇది మచ్చుకే. మంచిగుంటే లారీ మాట్లాడతా" అన్నాడు. చెప్తే వినే రకం కాదు. సైన్సు పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి నేనూ అంతకుముందే ఒక సీసాలో వాగు నీళ్లు పట్టి పెట్టుకున్నాను. రెండు రోజులు కదపకుండా ఉంచినా ఆ ఎర్రనీళ్లు తేటపడలేదు.

పొద్దున ఐదున్నరకు రాచర్లలో ఆటో ఎక్కి, గిద్దలూరులో ఆరు గంటల ఒంగోలు బస్సు పట్టుకున్నాం. మార్కాపురం, పొదిలి మీదుగా నాలుగు గంటల పైనే పట్టింది. ఒంగోలు నుంచి ఆటో రానూపోనూ ఎనిమిది వందలకు కుదిరింది. ఏరు సముద్రంలో కలిసే చోటును అక్కడ మొగ అంటారు. పడవలో దాటించిన పోలమ్మ మమ్మల్ని ఒక బురద దిబ్బ దగ్గర దించింది.

వెన్నలాంటి బురద. చిన్నాయన రెండు చేతులతో తీసి, "మనదే పాపా! ఎంత మెత్తగుందో చూడు" అంటూ గబగబా సంచి నింపసాగాడు.

పోలమ్మ నవ్వింది. "అన్నా, అది చేలో ఏస్తే గింజ మొలవదు. అంతా ఉప్పే."

నమ్మలేదు. నాలుక మీద వేసుకుని తుపుక్కున ఉమ్మాడు.

నా సీసాలో సగం నీళ్లు పారబోసి సముద్రపు నీళ్లు కలిపాను. కాసేపటికే లోపల నలుసులు కనబడ్డాయి, మెల్లగా అడుక్కి దిగసాగాయి. మంచినీళ్లలో సన్నటి మట్టి రేణువులు ఒకదాన్నొకటి దూరం నెట్టుకుంటాయి, అందుకే తేలుతూ ఉంటాయి. ఉప్పు తగిలితే ఆ నెట్టుడు తగ్గిపోతుంది. అతుక్కుని, బరువెక్కి, ఏటి వేగం తగ్గే ఈ మొగ దగ్గరే దిగిపోతాయి.

"మా అమ్మ బురదనీళ్ల కడవలో చిల్లగింజ అరగదీస్తే మట్టి అట్లనే దిగేది" అన్నాడు చిన్నాయన. "అయితే ఇంక మనకు రాదా?" అని అడిగాడు.

"రాదు చిన్నాయనా."

ఎవరూ చెప్పకుండానే సంచిలో మట్టిని తిరిగి దిబ్బ మీద పోసేశాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మరునాడు పొద్దున వెళ్లి చూస్తే గట్టు తెగిన చోట అవే నాలుగు సంచులు రాళ్లతో నిండి, వరుసగా పేర్చి ఉన్నాయి. "ఉప్పు తగలకముందే పట్టుకోవాల" అన్నాడు పార ఆపకుండా. ఇన్నేళ్లు పాఠం చెప్పాను గానీ ఆ ముక్క నాకు తట్టలేదు. మీరూ వెళ్తే సముద్రం పాటు మీదున్నప్పుడు, అంటే నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు వెళ్లండి, దిబ్బలు బయటపడతాయి. మీ వాగు నీళ్లు ఒక సీసాలో తీసుకెళ్లండి. సంచులు మాత్రం ఇంటి దగ్గరే నింపండి.