పంటితో తెంపిన పోగు

మా మామ పోయారు. పోయిన సోమవారం పొద్దున కాఫీ తీసుకెళ్లి పిలిస్తే పలకలేదు. మామ అంటే మా ఆయన నాన్న. మా ఆయన పోయి ఆరేళ్లయింది. పిల్లలు లేరు. తిరుపతిలో ఈ రెండు గదుల్లో ఉండేది మేమిద్దరమే. ఎవరికైనా కబురు చెప్పాలి కదా అని ఫోను తీశాను. ముందుగా చెప్పాలనిపించింది మామకే.

నగరిలో ఆయనకు నాలుగు మరమగ్గాలుండేవి. ముందు గదిలో మగ్గాలు, వెనక మా కాపురం. ఆ మోతలోనే తినేవాళ్లం, పడుకునేవాళ్లం. కరెంటు పోయి మోత ఆగితే ఉలిక్కిపడి లేచేవాళ్లం. మామ అన్నం తింటూ తింటూ తల పక్కకు వంచి, "మూడోదాంట్లో పోగు తెగినాది" అని పరుగెత్తేవారు. అప్పటికి బతికున్న మా అత్త, "కూడు తిని పోగూడదా?" అని తిట్టేది. వెళ్లి చూస్తే మూడోదే. రెండు కొసలూ వేళ్ల మధ్య పెట్టి రెప్పపాటులో ముడేసి, మగ్గం నడపమని "ఇంక ఏసుకో" అనేవారు. ఆ ముడి చేతికి తగిలేది కాదు.

మా ఆయన పోయాక మగ్గాలు అమ్మేసి, నాకు టీచరు పని దొరికిన తిరుపతికి మామను తెచ్చుకున్నాను. "ఈ ఊళ్లో కరెంటు ఎప్పుడొస్తాది పాపా?" అని ఫ్యాను కింద కూర్చునే అడిగేవారు. నవ్వేదాన్ని. ఒకరోజు నాకు దణ్ణం పెట్టి, "ఎవురమ్మా మీరు? యాడ నుంచి వచ్చినారు?" అన్నారు. ఇక నవ్వు రాలేదు. పెళ్లయిన నాటి నుంచి ఆయనకు నేను పాపనే. ఆ పిలుపు కూడా పోతే నన్ను అట్లా పిలిచేవాళ్లు ఈ లోకంలో ఇంకెవరున్నారు?

ఆసుపత్రిలో డాక్టరమ్మ మతిమరుపు జబ్బని చెప్పి ఒక పెట్టె ఇచ్చింది. మూర్ఛ ఏమైనా వచ్చేదా అని ముందే అడిగింది. "ఇది మందు కాదమ్మా, మాత్ర కాదు. సెకనుకు నలభైసార్లు వెలుగు మినుకుమంటుంది, అదే వేగంతో శబ్దం వస్తుంది. మెదడు దానికి స్పందిస్తుందేమో, జబ్బు నెమ్మదిస్తుందేమో అని పరిశోధన చేస్తున్నాం. తగ్గుతుందని మాత్రం మాటివ్వను" అంది. రోజూ గంటసేపు దాని ముందు కూర్చోబెట్టాలి. వారానికొకసారి ఒక కాగితం నింపాలి. అందులో ఒక ప్రశ్న, 'మిమ్మల్ని గుర్తుపడుతున్నారా?'

బడికి పోయే ముందు పెట్టె పెట్టేదాన్ని. నాకు ఆ గుర్రుమనే శబ్దం తలనొప్పి. మామకు మాత్రం ప్రాణం లేచొచ్చేది. తల పక్కకు వంచి బుద్ధిగా కూర్చునేవారు. గంట కాగానే పెట్టె దానంతటదే ఆగిపోతుంది. అంతే, మగ్గం ఆగిందనుకుని ఆయన లేచేవారు. "పోగు తెగినాది, సూడు!" అని గోడంతా తడిమేవారు.

ఒకరోజు నాకు బస్సు టైమైపోయింది. "ఈడ మగ్గమూ లేదు, మన్నూ లేదు! అమ్మేసినాం కదా మామా!" అని అరిచాను. ఆయన చెయ్యి గోడ మీదే ఆగిపోయింది. "తప్పయిపోయిందమ్మా" అన్నారు, పరాయిదానితో అన్నట్టు. బస్సులో కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. నా నోరు పడిపోను!

సాయంత్రం నూలు కండె ఒకటి కొన్నాను. మరుసటిరోజు పెట్టె ఆగే ముందు పోగును పంటితో తెంపి పట్టుకున్నాను. ఆయన లేవగానే రెండు కొసలూ చేతికిచ్చాను. రెప్పపాటులో ముడి పడింది. "ఇంక ఏసుకో పాపా" అన్నారు. పొంగిపోయి ఆ వారం కాగితంలో 'అవును' అని రాశాను. ఆదివారం పాలామె వచ్చింది. ఆమెనూ "పాపా" అన్నారు. 'అవును' కొట్టేసి 'లేదు' అని రాశాను. డాక్టరమ్మ దగ్గర అబద్ధమాడి ఏం లాభం?

అప్పటి నుంచి రోజూ అదే పని. నేను తెంపడం, ఆయన ముడెయ్యడం, నేను చుట్టి పెట్టడం. నాలుగు నెలలు 'లేదు' అనే రాశాను.

పోయే ముందు వారంలో ఒక పొద్దున ఆయన ముడెయ్యలేదు. కొసలు కంటి దగ్గర పెట్టుకుని చూశారు. వేలితో నలిపారు.

"ఇది మగ్గంలో తెగింది గాదు. పంటితో తెంపింది. తడిగా ఉండాది."

నేను కండెను కొంగు కింద దాచబోయాను.

"దినామూ నువ్వే తెంపుతా ఉండావు గదా పాపా? నాకు పని లేకుండా పోతాదని." నా ముఖంలోకి చూసి నవ్వారు. "మావాడు పోయినంక ఒక్కదానివే ఎంత తిప్పలు పడతా ఉండావే, తల్లీ." తర్వాత ముడేశారు. మధ్యాహ్నానికి మళ్లీ నేనెవరో తెలియలేదు. ఆ తెలివి పెట్టె వల్ల వచ్చిందో, వేళ్లకున్న గుర్తో నాకు తెలియదు. ఆ వారం కాగితంలో మాత్రం 'అవును' అని రాశాను. కొట్టెయ్యలేదు.

రేపు పెట్టె తిరిగి ఇచ్చెయ్యాలి. ఈ పొద్దున దాన్ని పెట్టి ఆయన కుర్చీలో గంటసేపు కూర్చున్నాను. అది ఆగగానే నేనే లేచి నిలబడ్డాను. కండె తీసి పోగును పంటితో తెంపాను. ఆయనలాగే ముడెయ్యబోయాను. జారిపోయింది. ఇంకోసారి వేశాను, మళ్లీ జారింది. రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకుని, ఎవరైనా లేచి వస్తారేమోనని అట్లాగే నిలబడ్డాను.