మేకను చూడడానికి వచ్చేవారికి

మా బడికి వచ్చే సందర్శకుల కోసం ఒక కాగితం రాసి గేటుకు అంటించమని, ఫోన్లలో కూడా పంపమని పై ఆఫీసు నుంచి మాట వచ్చినప్పుడు, రాసింది నేనే. ఇప్పుడు ఆ కాగితం తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. గాజువాక నుంచి వచ్చేవాళ్ళు ఎలమంచిలి బస్సెక్కి ఎక్కడ దిగాలి, ఆటో దొరక్కపోతే ఎంతసేపు నడవాలి, ఏ వేళకు వస్తే బాగుంటుంది, అన్నీ గుండ్రటి అక్షరాలతో రాశాను. లోపలికి వచ్చాక గేటు వేయండి. మేకకు చాక్లెట్లు పెట్టకండి. కొమ్ములు పట్టుకుని లాగకండి. మిట్టమధ్యాహ్నం ఎండలో దాన్ని నిలబెట్టి ఫొటోలు తీయకండి. కాగితం నిండా మేకే. ఇక్కడ పద్నాలుగు మంది పిల్లలు చదువుకుంటున్నారన్న ముక్క అందులో లేదు. ఏళ్ళ తరబడి పాఠాలు చెబుతున్నదాన్ని, నాకే తోచలేదు.

అసలు ఆ మేక బడిది కాదు. మూడో తరగతి చదివే ఒక పిల్లది. వాళ్ళమ్మ తెల్లారేసరికల్లా ఆటో ఎక్కి గాజువాక వైపు బిల్డింగు పనికి వెళ్ళిపోతుంది. మేకను ఎవరో ఒకరు కాయాలి. లేకపోతే అది ఎవరి చేలోనో పడుతుంది, సాయంత్రానికి ఇంటి ముందు పంచాయితీ. అందుకని ఆ పిల్ల వారానికి రెండు రోజులు బడికి వస్తే గొప్ప. విసుగొచ్చి ఒకరోజు నేనే అన్నాను, "మేకను కూడా తెచ్చేసుకో, మన ఆవరణలోనే మేస్తుంది" అని. మర్నాటి నుంచి ఒక్క రోజు మానలేదు. తాడు చేత్తో పట్టుకుని ప్రార్థనకు నిలబడేది, వెనకాల మేక. ఆ ఏడాదే కూడికలూ తీసివేతలూ దాటి ఎక్కాల్లోకి వచ్చింది. మా బడిలో మేకకు ఉన్న పనల్లా ఆ పిల్లను తీసుకురావడమే.

ప్రార్థనలో బుద్ధిగా నిలబడిన మేకను ఎవరో ఫోన్‌లో తీసి లోకమంతా తిప్పారు. ఇక చూసుకోండి. ఇన్నాళ్ళూ సరదాకి భీమిలి వెళ్ళేవాళ్ళు కూడా మా ఊరికి బయల్దేరారు. కారు దిగడం, "మేకేదండీ?" అనడం. నమస్కారం లేదు, పలకరింపు లేదు. లోపల పాఠం జరుగుతుంటే కిటికీలోంచి మేకను పిలిచేవాళ్ళు. మేకకు ఎన్నేళ్ళని అడిగినవాళ్ళే గానీ, పిల్లలు ఏం చదువుతున్నారని అడిగిన మనిషి లేడు. నాకు చిర్రెత్తుకొచ్చేది. కానీ నోట్‌బుక్కులు తెచ్చేవాళ్ళు, ఒకాయన రెండు ఫ్యాన్లు బిగించి వెళ్ళాడు. ఆ ఫ్యాన్ల కింద కూర్చుని నోరు మూసుకున్నాను.

ఒకరోజు ఆటోనగర్ నుంచి ఏదో ఫ్యాక్టరీ వాళ్ళు బ్యానరూ కెమెరా పట్టుకుని దిగారు. పిల్లలకు స్కూలు బ్యాగులు తెచ్చారు, బ్యాగుల మీద మా మేక బొమ్మ. మేకకు స్నానం చేయించి మెడలో బంతిపూల దండ వేశారు. మేక ఊరుకుంటుందా, సగం దండ నమిలేసింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మేక పక్కనే తాడు పట్టుకుని ఆ పిల్ల, భుజం దగ్గర కుట్లు విడిపోయిన యూనిఫాంలో. కెమెరా పట్టుకున్నాయన ఆ పిల్లకేసి చూసి, "మేడం, ఆ పాపని కొంచెం తప్పించండి, ఫొటో పాడవుతంది" అన్నాడు.

అతని మీద కోపం నాకు తర్వాతి సంగతి. ముందు కోపం నా మీదే. "కాస్త పక్కకి జరుగమ్మా" అన్నది నేను. ఆ చేతిలోంచి తాడు తీసుకున్నది నేను. ఆ పిల్ల కుళాయి దగ్గరికి వెళ్ళి నిలబడి, ఫొటోలయ్యేదాకా అక్కడే ఉండిపోయింది. బ్యాగు ఇస్తామని పిలిచినా రాలేదు. అప్పుడైనా నాకు బుద్ధి రాలేదు.

మర్నాడు పిల్లా లేదు, మేకా లేదు. మూడో రోజు సాయంత్రం బడి వదిలాక వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి అప్పుడే పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. పిల్ల ఎందుకు రావడం లేదని అడిగితే, నన్నే సముదాయించింది.

"మీరు కంగారు పడకండమ్మా. ఆల్లంతా మేకని సూడ్డానికే కదా వత్తన్నారు. రేపట్నించి మేకని అంపేత్తాను. మా గుంట ఇంటికాడుంటాది, నాకూ కూసింత ఆసరా అవుద్ది."

"మేకేం చదువుతుందమ్మా! నాకు పిల్ల కావాలి" అని అరిచాను.

"మరి ఆ దినాన్న దాన్ని పక్కకెల్లమన్నారంట కదా, మీరే" అంది.

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే ఆమెకు అలా అర్థమైంది. నాకు తల కొట్టేసినట్టయింది. అక్కడి నుంచి వచ్చేశాను.

మర్నాడు నేను వెళ్ళేసరికి గేటుకు మేక కట్టేసి ఉంది. వాళ్ళ పక్కింటి నాలుగో తరగతి పిల్ల ఎదురొచ్చి, "ఆల్లమ్మ మేకని మీకు ఒప్పజెప్పమన్నాదండి, సందేళ తోలుకొచ్చీమన్నాది" అంది. అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరి మీద చూపించను? వంట చేసే ఆవిడను తరగతిలో కూర్చోబెట్టి, తాడు పట్టుకుని బయల్దేరాను. అరుగుల మీద కూర్చున్నవాళ్ళంతా చూశారు. చూడనీ అనుకున్నాను.

ఆ పిల్ల వాకిట్లో అంట్లు తోముతోంది. నన్ను చూసి లేచి, తడి చేతులు గౌనుకు తుడుచుకుంది. మేకకేసి చూసింది, తర్వాత నా మొహంలోకి చూసింది.

"దీన్ని కూడా వద్దన్నారేటి టీచరమ్మా?"

ఎవరూ వద్దనలేదన్నాను. తప్పు నాదేనన్నాను. పిల్లల ముందు అలా ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు. చెయ్యి పట్టుకుంటే నాతో వచ్చింది. తర్వాత తల్లిని బతిమాలడం, తగువు పడడం, మళ్ళీ బతిమాలడం, అన్నీ అయ్యాయి. ఇప్పుడు రోజూ వస్తోంది, మేకతోనే. "వస్తోంది కదా మేడం, ఇంకా కోపమెందుకు" అంటారు తెలిసినవాళ్ళు. ఎందుకంటే, పిల్లల మధ్యాహ్న భోజనం ఫొటో రోజూ పైకి పంపాలి. అందుకోసం నేను ఫోన్ ఎత్తగానే, ఆ పిల్ల కంచం పట్టుకుని లేచి, ఎవరూ చెప్పకుండానే పక్కకి జరుగుతుంది.