ఆళ్లగడ్డ రాయి లేకుండా కాండీలో మా పాట

మా బ్యాండులో ఉన్నది ముగ్గురమే. నేను నంద్యాలలో ఒక టీచరమ్మ కూతురిని, చర్చిలో గిటారు నేర్చుకున్నాను, పాడేది కూడా నేనే. బేస్ గిటారు వాయించే శేషుది అహోబిలం, వాళ్ల నాన్న గుడిలో కైంకర్యం చేస్తారు. డ్రమ్ములు ఓబులేసువి. వాళ్లది ఆళ్లగడ్డలో మూడు తరాల శిల్పశాల. రాక్ వాయిస్తామని చెబితే మా వైపు చాలామంది ఇప్పటికీ "ఏ రాయి?" అన్నట్టు చూస్తారు. అందుకే ఆళ్లగడ్డ ఉలి చప్పుడు మీద మేము కట్టిన పాట వీడియో చూసి, శ్రీలంకలోని కాండీ నుంచి ఒక చిన్న సంగీత ఉత్సవం వాళ్లు పిలిచినప్పుడు, నేను ఇంట్లో అందరికీ ఆ మెయిలు రెండేసి సార్లు చదివి వినిపించాను.

ఆ పాటకు ప్రాణం ఒక నల్లరాతి పలక. సుత్తితో కొడితే గంటలా మోగుతుంది. ఆ రాయిని ఎంచి ఇచ్చింది ఓబులేసు వాళ్ల నాయన. శిల్పశాలలో అన్ని పనులూ కొడుక్కి నేర్పిన ఆ పెద్దాయన, రాయి ఎంచే పని మాత్రం ఎన్నడూ ముట్టనివ్వలేదు. "వానికి డ్రమ్ము చెవి ఉండాది గానీ, రాతి చెవి లేదమ్మా" అని నా ముందే అన్నాడు. ఓబులేసు నవ్వేశాడు గానీ, ఆ మాట వాడికి ఎక్కడ తగిలిందో నాకు తెలుసు.

నంద్యాల నుంచి పొద్దున ఆరుకు అద్దె కారులో బయలుదేరాం. చెన్నైకి కారాయన పది వేలు అడిగాడు, తొమ్మిదికి ఒప్పుకున్నాడు. గంటలో ఆళ్లగడ్డ. పెద్దాయన పలకను గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. విప్పి చూస్తే అంచు పొడుగునా సన్నటి పూలతీగ! "ఎందుకు నాయనా ఇదంతా?" అన్నాడు ఓబులేసు. "చెక్కకుండా రాయి ఇస్తే మన ఇంటికి పేరేముండాదప్పా?" అన్నాడాయన. కడప, తిరుపతి మీదుగా చెన్నై చేరేసరికి సాయంత్రం నాలుగు. విమానాశ్రయం దగ్గరే గది తీసుకున్నాం.

మరుసటి రోజు పొద్దున ఏడున్నరకు విమానం. ఛార్జీ రానూపోనూ మనిషికి ఇరవై వేల లోపే అయింది. మా గిటార్లు ఇబ్బంది లేకుండా వెళ్లాయి. పలక దగ్గర మాత్రం కస్టమ్స్ అధికారి ఆగిపోయాడు. పూలతీగను వేలితో తడిమి, "ఇది ఏ గుడిది?" అన్నాడు. మొన్న మొన్ననే చెక్కిందని ఎంత చెప్పినా, కాగితం చూపమన్నాడు. మా దగ్గర లేదు. ఆయన పని ఆయన చేశాడు, తప్పంతా మాదే. శేషు మేనమామ చెన్నైలోనే ఉంటాడు కాబట్టి సరిపోయింది, ఆటోలో వచ్చి పలకను తీసుకెళ్లాడు. ఓబులేసు విమానం ఎక్కి కూర్చున్నాక ఒకే మాట అన్నాడు. "మన పాట వద్దులే అక్కా. ఇంగ్లీషువే వాయిద్దాం."

కొలంబోలో దిగి బయటికి వచ్చేసరికి పది. నిర్వాహకులు వ్యాను పంపారు. మీరే మాట్లాడుకుంటే కాండీకి పదిహేను, ఇరవై వేల శ్రీలంక రూపాయలు అవుతుంది, ప్రయాణం మూడున్నర గంటలు. డ్రైవరు తమిళుడు. శేషుకు గుడిలో నేర్చుకున్న పాతకాలపు తమిళం తప్ప వేరే రాదు. అదే ధైర్యంగా మాట్లాడాడు. డ్రైవరు స్టీరింగు మీద చెయ్యి కొట్టుకుని నవ్వి, తమ ముత్తాత కూడా ఇంత గ్రాంథికంగా మాట్లాడి ఉండడన్నాడు. అయినా అన్నీ అర్థమయ్యాయి.

జీడిపప్పు దుకాణాలు దాటిన కాసేపటికి రోడ్డు పక్కన రోళ్లు, నూరుడు రాళ్లు అమ్మే పాక కనిపించింది. నేనే ఆపమన్నాను. ఓబులేసు కదల్లేదు.

"ఏందక్కా ఇది? రాయి ఎంచేది నాయన పని. నాకు చేతకాదు."

"మీ నాయన ఈడ లేడు కదప్పా. దిగు."

దిగాడు. తాళంచెవితో ఒక్కో రాయినీ తట్టి, చెవి వంచి వినడం మొదలుపెట్టాడు. దుకాణం నడిపే ముసలావిడ వాడిని కాసేపు అనుమానంగా చూసింది. తర్వాత లోపలికి వెళ్లి తన సుత్తి తెచ్చి చేతిలో పెట్టింది. నున్నగా మెరిసే పలకలు నాలుగు చూపించింది. అన్నీ దబ్‌మన్నాయి. చివరికి వాడి చూపు పాక గుమ్మం ముందు మెట్టుగా వేసిన మొరటు బండ మీద పడింది. కొట్టాడు. ఖంగుమంది! రోడ్డు మీద వెళ్లే సైకిలాయన కూడా తిరిగి చూశాడు. ఆవిడ సింహళంలో ఏదో అడిగింది. డ్రైవరు శేషుకు చెబితే, శేషు మాకు చెప్పాడు: "వీళ్ల నాయన రాళ్ల పనివాడా అని అడుగుతాంది." రెండు వేల శ్రీలంక రూపాయలు తీసుకుంది, మన డబ్బుల్లో ఆరువందల లోపే. ఆ మెట్టు లేకుండా పాకలోకి ఎలా వెళ్తుందని ఓబులేసు ఇంకో బండ మోసి అక్కడ వేసి వచ్చాడు.

సాయంత్రం ఐదున్నరకు సరస్సు దగ్గరి తోటలో మా కార్యక్రమం. రెండు వందల మంది ఉంటారు. తెలుగు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. ఆళ్లగడ్డలో పెద్దాయనకు వీడియో కాల్ కలిపి ఫోను స్టూలు మీద పెట్టాను. ఇంగ్లీషు పాటలు నాలుగూ బాగానే జరిగాయి, మర్యాదగా చప్పట్లు కొట్టారు. అప్పుడు ఓబులేసు చుట్టిన తువ్వాళ్ల మీద ఆ బండను పెట్టి మూడు దెబ్బలు వేశాడు. తోటలో అందరి తలలూ ఇటు తిరిగాయి. నేను మన సీమ మాటల్లోనే, ఒక్క అక్షరం కూడా మెత్తబరచకుండా పాడాను. రెండో చరణానికి ముందు వరుస లేచి నిలబడింది. మూడోదానికి కూర్చున్నవాళ్లే లేరు. సుత్తి దెబ్బకు తగ్గట్టు వాళ్లే తాళం వేశారు. గర్వంతో వాళ్లనే చూస్తూ నేను మాటలు మరిచిపోయాను. చివరి పాదం సగం శేషు పాడి గట్టెక్కించాడు.

చప్పట్లు తగ్గాక ఫోనులోంచి పెద్దాయన గొంతు వచ్చింది. "అది నా రాయి కాదు కదప్పా."

రాయి ఆగిపోయిన సంగతి ఆయనకు మేము చెప్పనే లేదు. ఓబులేసు ముఖం మాడిపోయింది. "కాదు నాయనా. నీది చెన్నైలో ఆగిపాయ."

"మరి ఇది ఎవురు ఎంచిరి?"

"నేనే."

"సోమవారం కొత్త రాళ్ల లారీ వస్తాది. బేగా వచ్చేయ్. నువ్వే ఎంచాల" అన్నాడు పెద్దాయన. ఓబులేసు వేదిక మీదే చొక్కాతో కళ్లు తుడుచుకున్నాడు.

పరాయి దేశంలో మనల్ని మెచ్చుకుంటే బాగానే ఉంటుంది, కాదనను. కానీ ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే ఎక్కువ గర్వం కలిగింది ఆళ్లగడ్డ నుంచి వచ్చిన ఆ రెండు ముక్కల మాటకే. కాండీ బండ ఇప్పుడు నంద్యాలలో మేము సాధన చేసే గదిలో ఉంది.

మీరూ చెక్కిన రాయి ఏదైనా విదేశానికి తీసుకెళ్లేట్టయితే ఒక్క జాగ్రత్త: అది పురాతన వస్తువు కాదని పురావస్తు శాఖ నుంచి ధ్రువపత్రం ముందే తీసుకోండి, చెక్కిన శిల్పశాల రసీదు కూడా దగ్గర ఉంచుకోండి. మా పలకకు ఇప్పుడు రెండూ ఉన్నాయి. రసీదు పెద్దాయనే రాశాడు. కింద సంతకం మాత్రం ఓబులేసు చేత పెట్టించాడు.