మిల్లర్ల క్లబ్బులో అణు ఒప్పందం

మండపేటలో ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో రత్నమాణిక్యం గారు పొలిటికల్ సైన్సు చెప్పేవారు. అందరూ కంప్యూటర్ల వెంట పరుగెడుతున్న రోజులవి. క్లాసులో పట్టుమని పదిమంది ఉండేవారు కారు. "దేశాల ఒప్పందాలు మనకెందుకు మేడమ్, పరీక్షలో వస్తాయా?" అని పిల్లలడిగితే, "పరీక్షలో రావు, పేపర్లో వస్తాయి" అనేవారావిడ.

2003 జనవరిలో నిజంగానే వచ్చింది. అణ్వాయుధాలు తయారుచేయబోమని సంతకం పెట్టిన ఉత్తర కొరియా, ఆ ఒప్పందంలోంచి తప్పుకుంటున్నానని ప్రకటించింది.

ఆ ఆదివారం ఊళ్లోని రైసు మిల్లర్ల క్లబ్బులో, నెలనెలా జరిగే మీటింగులో మాట్లాడాల్సిన డాక్టరు గారు రాలేకపోయారు. ఆయన బదులు ఓ పది నిమిషాలు మాట్లాడమని ప్రెసిడెంటు సత్తిరాజు గారు ఈవిడకి కబురు పెట్టారు. ఆవిడ వెళ్లేసరికి పక్క గదిలోంచి కోడి వేపుడు వాసన ఘుమఘుమలాడుతోంది. అందరి చూపూ అటే.

"తప్పుకోవాలంటే మూడు నెలల ముందు చెప్పాలండి," అని మొదలుపెట్టారావిడ. "వాళ్లు పదేళ్ల కిందటే ఓసారి నోటీసిచ్చారు. గడువు ఇంకొక్క రోజుందనగా ఆగారు. ఇప్పుడేమో, మిగిలిన ఆ ఒక్కరోజూ చాలంటున్నారు!"

హాలంతా గొల్లుమంది. వెనక వరసలోంచి బంగార్రాజు అనే మిల్లు ఓనరు లేచాడు. "మనం అసలు సంతకమే పెట్టలేదు కదండీ! మన గవర్నమెంటు ఇంకొకళ్లని ఏమనగలదండీ?"

ఇన్నేళ్లలో ఏ విద్యార్థీ అడగని ప్రశ్న. ఆవిడ మొహం విప్పారింది.

"చేరకపోవడం వేరండి. చేరి, కరెంటు కోసమని యంత్రాలూ ఇంధనమూ పుచ్చుకుని బయటికి పోవడం వేరు. పోయే హక్కుంది, కాదనను. కానీ లోపలుండగా తీసుకున్నవాటితో బాంబులు చెయ్యకూడదు. అప్పుడు చేసిన తప్పులకి జవాబూ చెప్పాలి. మన ప్రభుత్వం ఈ మాట గట్టిగా అనాలంటాను నేను."

"అంతేగదండీ! సంఘం ఇచ్చిన మోటారు బిగించుకుని, రేపట్నుంచి సంఘంలో లేనంటే ఊరుకుంటామా?" అన్నాడు బంగార్రాజు.

"సరే, ఆ మోటారు వెనక్కి తెచ్చేదెవరండి?" అన్నారు సత్తిరాజు గారు.

ఆవిడ ఒప్పుకున్నారు. "అదే చిక్కండి. బలవంతంగా తేబోతే యుద్ధం. ఊరుకుంటే రేపు ఇంకోడూ ఇలాగే బయటికి పోతాడు. ఈ రెంటికీ మధ్య దారి నాకూ తెలీదండి, వెతకాలి."

దాంతో వాదన రాజుకుంది. వాళ్లతో వ్యాపారం ఆపెయ్యాలని కొందరు, పస్తులుండేది అక్కడి జనమేనని కొందరు. క్లబ్బు వంటావిడ గుమ్మంలోకొచ్చి, "తింటారా, సర్దెయ్యమంటారా?" అని కేకేసేదాకా ఎవరూ లేవలేదు.

ఆ జూన్‌లో కాలేజీవాళ్లు ఆ సబ్జెక్టే ఎత్తేశారు. రత్నమాణిక్యం గారు తన పుస్తకాలూ గ్లోబూ మూటగట్టి ఇంటికి తెచ్చేసుకున్నారు. ఓ సాయంత్రం బంగార్రాజు స్కూటరు మీదొచ్చాడు.

"మేడంగారూ, ఈ నెల క్లబ్బులో మీరే ఇరాకు సంగతి చెప్పాలండి. మావాళ్లు ఇప్పట్నుంచే కొట్టుకుంటున్నారండి."

"ఉండండి బాబూ, గ్లోబు ఎక్కడ పెట్టానో..." అంటూ ఆవిడ అటక కేసి నిచ్చెన జరిపారు.