పొగ అమ్మది, వాసన నాది

ఖరగ్‌పూర్‌లో ‘ట్రాఫిక్’ అనే రైల్వే పేటలో కొట్టు నడిపే బెంగాలీ దాదా చవకరకం ధూప్ కోన్ ఒకటి వెలిగించి చూపించాడు. మెలికలు తిరుగుతున్న ఆ పొగలో మా పాత రైల్వే క్వార్టర్ మెల్లగా తేలి వచ్చింది.

కొత్త పొట్లం తెచ్చినప్పుడల్లా అమ్మ ఒక కోన్ వెలిగించి, వరండాలో ఉన్న నన్ను పిలిచేది.

“పొగ నేను సూసినాను, నల్లగా నేదు. వాసన ఏటో నువ్వు సెప్పు.”

“గంధం కాదమ్మా, తడిసిన రంపపు పొట్టు.”

ఆ రకం మళ్లీ కొనేది కాదు. నాలాంటి ముక్కు ఖరగ్‌పూర్‌లోనే లేదని మురిసిపోయేవాణ్ణి.

ఒకరోజు బడి నుంచి వస్తుంటే పాలు మాడిన కంపు వీధి దాకా కొట్టింది. అమ్మ పొయ్యికి వీపు పెట్టి, నిశ్చింతగా నాన్న చొక్కాకి బొత్తాం కుడుతోంది. పరధ్యానమనుకుని నవ్వాను.

అమ్మకు వాసనలే తెలియవని నాకు తట్టడానికి ఇన్నేళ్లు పట్టింది.

“ఠీక్ హై?” అని దాదా అడిగాడు.

“మల్లెపూలమ్మా,” అన్నాను, అలవాటుగా.