గోల్‌కీపర్ బత్తాయి

ఇది పదకొండు మంది వీరుల మహాగాథ. అలా మొదలుపెడదామనుకున్నాను గానీ, నిజానికి ఇందులో ఉన్నది ఒక బత్తాయి పండే. ఇవాళ తిరుపతి బస్టాండు దగ్గర జ్యూస్‌బండివాడు తొక్క ఒలుస్తుంటే, ఆ వాసనకు గుర్తొచ్చింది.

చిత్తూరులో మా పేట ఫుట్‌బాల్ క్లబ్బు వరసగా ఓడిపోతున్న ఏళ్లవి. చూడటానికి వచ్చేది మా నాయన, ఆయన లాక్కొచ్చిన నేను, రెండు మేకలు. ఆట అయ్యాక నాయన గోల్‌కీపర్ మునిరత్నానికి తన చేత్తో బత్తాయి ఒలిచి పెట్టేవాడు.

"పోనీలేప్పా, ఆరు గోల్సే కదా పోయినాయి. బాగా దూకినావు."

మునిరత్నం దూకేమాట నిజమే, బంతి వచ్చేవైపు మాత్రం కాదు. అదే నేను లెక్కల్లో తప్పితే ఇల్లెగిరిపోయేది. కుళ్లుతో నాకు అన్నం సయించేది కాదు. ఒకరోజు అడిగేశాను.

"ఆయప్పకైతే బత్తాయి, నాకైతే తిట్లా నాయనా?"

"వాని మింద ఆశ ఎప్పుడో వదిలేసినానమ్మే. నీ మింద ఇంకా ఉండాది."

తర్వాతి పరీక్షలోనూ తప్పాను. నాయన సంచిలోంచి బత్తాయి తీసి ఒలవసాగాడు. అన్నాళ్లు కోరుకున్న పండును చూడగానే ఏడుపొచ్చేసింది.

"నాకొద్దు నాయనా, తిట్టు!"

ఆశ వదిలేసిన మనిషి ప్రతి ఆదివారం ఆ ఆట చూడ్డానికి ఎండలో పోయి కూర్చోడని ఇప్పుడు తెలుస్తోంది.

బండివాడు గ్లాసు అందించాడు. ఐసు వద్దంటే ముప్పాతిక గ్లాసే వస్తుంది.